తల వైపు ఎత్తు

జూన్ 12, 2024, బుధవారం

మంచం వచ్చింది. పటమటలో ఒక షోరూమ్ నుంచి. డిస్‌ప్లే పీసు. ఇద్దరు మనుషులు ముక్కలుగా తెచ్చి హాల్లో బిగించారు. బెడ్‌రూమ్‌లో అంత చోటు లేదు. ఇప్పుడు హాలంతా మంచమే. వంటింట్లోకి వెళ్ళాలంటే పక్కకి తిరిగి నడవాలి.

అత్తయ్య గుండె సరిగా పంప్ చేయడం లేదు. వెల్లకిలా పడుకుంటే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుందట. ఎప్పుడూ తల వైపు ఎత్తుగా ఉండాలన్నారు డాక్టరు గారు. హాస్పిటల్ నుంచి వచ్చినప్పటి నుంచి కుర్చీలో దిండ్లు పెట్టి కూర్చోబెడుతున్నాం. తెల్లారేసరికి మెడ ఒక పక్కకి వాలిపోయి ఉంటుంది. కన్నతల్లిని అలా చూడలేక నాగబాబు ఈ మంచం తెచ్చాడు.

రిమోట్ నొక్కితే తల వైపు లేస్తుంది, దిగుతుంది. యాప్ కూడా ఉంది. యాప్ నా ఫోన్లో వేశారు. నాగబాబు చేపల లారీ మీద వారంలో నాలుగు రోజులు కైకలూరు వైపే ఉంటాడు. ఇంట్లో ఉండేది నేను. శారీ షాపులో బిల్లింగ్ ఉద్యోగం మే నెలలో మానేశాను. ఎవరూ మానమనలేదు. నేనే మానేస్తానన్నాను. ఇప్పుడు కోపం వస్తోంది. ఎవరి మీదో తెలియడం లేదు.

జూన్ 13

అత్తయ్య పడుకుంది. నేనూ పడుకున్నాను. అంతే, ఇంకేం రాయను.

జూన్ 19, బుధవారం

ఆవిడతో నాకు పెద్దగా పరిచయం లేదు. పెళ్ళయి మూడేళ్ళయినా మొత్తం కలిపి ఒక నెల కూడా ఒకే ఇంట్లో ఉండలేదు. మాది మంగళగిరి, మగ్గం ఇల్లు. మెల్లగా మాట్లాడతాం. ఆవిడది గిలకలదిండి. బందరు వీధుల్లో తల మీద గంప పెట్టుకుని చేపలమ్మిన గొంతు. మంచినీళ్ళడిగినా పై అంతస్తులో ఓనరు ఎలిజబెత్ గారికి వినపడుతుంది.

ఈరోజు మొదటిసారి మసాజ్ మోడ్ నొక్కాను. మంచం సన్నగా వణికింది. అత్తయ్య అంచులు పట్టుకుని, "ఓరినాయనో, ఇంజను బోటే ఇది!" అని నవ్వింది. నవ్వితే దగ్గు వచ్చింది. దగ్గుతూనే మళ్ళీ నొక్కమంది. తల వైపు లేపుతుంటే, "బోటు ముక్కు లేస్తంది చూడు. అల మీదికి పోతన్నాం," అంది.

నాకూ నవ్వొచ్చింది. ఇద్దరం కలిసి నవ్వడం ఇదే మొదలనుకుంటాను.

జూలై 4, గురువారం

మందుల షాపులో ఉండగా ఫోన్ మోగింది. మంచం దిగితే యాప్ ఇచ్చే బెడ్ ఎగ్జిట్ అలర్ట్. బాత్‌రూమ్‌కి లేచిందేమో అనుకున్నాను. ఎంతసేపటికీ మంచం మీదికి తిరిగి వచ్చినట్టు చూపించలేదు. ఆటో ఎక్కాను.

నేల మీద ఉంది. మంచానికీ గోడకీ మధ్య చాప పరుచుకుని వెల్లకిలా పడుకుని ఉంది. పెదాలు నల్లగా ఉన్నాయి. లోపల గురగుర చప్పుడు. లేపి కూర్చోబెట్టి వీపు నిమిరాను. నిమురుతూనే అరిచాను. ఇంత ఖర్చు పెట్టి మీ అబ్బాయి మంచం తెస్తే, చచ్చిపోదామనా? అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. అనేశాను.

ఆవిడ తిట్టలేదు.  దానికే ఇంకా ఎక్కువ భయం వేసింది.

జూలై 5

నాగబాబుకి ఫోన్లో చెప్పలేదు. అత్తయ్యే వద్దంది.

సాయంత్రం టీ ఇస్తుంటే తనంతట తనే చెప్పింది. "కూకుని పడుకుంటే కలలు రావట్లేదే అమ్మాయ్."

నాకు అర్థం కాలేదు. కలలు రాకపోతే ఏమైంది అన్నాను. మెల్లగా చెప్పింది. ఆవిడ మెల్లగా మాట్లాడగలదని ఈరోజే తెలిసింది.

మావయ్య సముద్రం మీదికి వెళ్ళి తిరిగి రాలేదని నాకు ముందే తెలుసు. నాగబాబుకి అప్పటికి బడి ఈడు కూడా రాలేదు. బోటు దొరకలేదు. మనిషీ దొరకలేదు. పెళ్ళినాటి ఫోటో ఒకటి ఉండేదట. వానకి ఇల్లు కారి తడిసిపోయి, ముఖం చెరిగిపోయింది. ఇక ఆయన్ని చూడాలంటే ఆవిడకి కలొక్కటే. రోజూ రాడు. ఎప్పుడో నెలకోసారి వచ్చి గుమ్మంలో కూర్చుంటాడట. అప్పుడు ముఖం స్పష్టంగా కనిపిస్తుందట. హాస్పిటల్లో చేరినప్పటి నుంచి ఒక్కసారీ రాలేదు.

"ఈ మంచం మీద నిద్ర బానే పడతంది. ఆ నిద్దర్లో ఎవరూ లేరే," అంది.

చాప మీద కాళ్ళు చాపుకుని, అలవాటైనట్టు పడుకుంటే వస్తాడేమోనని దిగింది. అదీ సంగతి.

జూలై 9, మంగళవారం

యాప్‌లో స్లీప్ రిపోర్ట్ చూశాను. లైట్, డీప్, REM అని గీతలు గీస్తుంది. REM అంటే కలలు వచ్చే నిద్ర. నిన్న రాత్రి కూడా ఉంది. ఆశగా వెళ్ళి చూపించాను. మీకు కలలు వస్తూనే ఉన్నాయి అత్తయ్యా, లేచేసరికి గుర్తుండడం లేదంతే, అన్నాను.

ఫోన్ వంక చూసి, "అదెవరే చెప్పడానికి? వచ్చిందీ లేందీ నాక్కదా తెలవాలి," అంది.

ఫోన్ పక్కన పెట్టేశాను.

జూలై 22, సోమవారం

ఒక పని మొదలుపెట్టాం. మంచి పనో కాదో తెలియదు.

పగలు, నేను పక్కనే కూర్చున్నప్పుడు మాత్రమే, మంచం కొద్దికొద్దిగా దించుతాను. వేలికి ఆక్సీమీటర్ పెడతాను. దగ్గు మొదలవగానే లేపేస్తాను. రోజుకి ఇంకొంచెం. మొదటి రోజు ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుని, పంటి నొప్పికి ఓర్చుకున్నట్టు ఓర్చుకుంది. ఈరోజు దించాక ఒక కునుకు తీసింది. నేను స్క్రీన్ చూడకుండా ఆవిడ పొట్ట లేవడం, దిగడం చూస్తూ కూర్చున్నాను. లేచాక, వచ్చాడా అని అడిగాను. రాలేదంది. ఎవరో ఐస్ గడ్డలు లాగుతున్నట్టు వచ్చిందట. ఆ మాటకే ముఖం వెలిగింది. ఏదో ఒక కల వచ్చింది కదా.

డాక్టరు గారికి తెలిస్తే చీవాట్లు పెడతారు.

ఆగస్టు 15, గురువారం

నాగబాబు ఇంట్లో ఉన్నాడు. తోటి డ్రైవర్లను ఇద్దరిని వెంటబెట్టుకొచ్చి మంచం చూపించాడు. రిమోట్ పట్టుకుని లేపాడు, దించాడు, కాళ్ళ వైపు లేపాడు. చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. తల్లిని పట్టుకుని, "ఎలా ఉందమ్మా?" అన్నాడు.

"మహారాణిలా ఉన్నాన్రా," అంది ఆవిడ. నా వంక చూడలేదు.

వాళ్ళు వెళ్ళాక అడిగాను, నాగబాబుకి కలల సంగతి చెప్పొచ్చు కదా అని. "ఆడు నాకోసం తెచ్చిన మంచమే ఇది. దీని మీద మీ అయ్య రావట్లేదురా అని ఎట్టా చెప్పమంటావు?" అంది. మావయ్య పేరు ఆవిడ ఎప్పుడూ పలకదు. నాగబాబు దగ్గర 'మీ అయ్య'. నా దగ్గర 'ఆయన'.

ఆగస్టు 31, శనివారం

వాన. తెరిపి లేదు. నాగబాబు లారీ గుడివాడ దగ్గర ఆగిపోయింది. ఫోన్లో గొంతు సరిగా వినపడలేదు. అత్తయ్యకి ఆయాసంగా ఉంది. చలికేమో.

సెప్టెంబర్ 1, ఆదివారం, ఉదయం

వీధిలోకి నీళ్ళొచ్చాయి. కరెంటు పోయింది. మంచం దించి ఉంది.

సెప్టెంబర్ 5, గురువారం. హాస్పిటల్, వార్డు బయట బెంచీ మీద

ఈ డైరీ మందుల సంచిలో ఉండబట్టి మిగిలింది. ఇంట్లోంచి తెచ్చుకున్నది ఆ సంచి ఒక్కటే. మర్చిపోకముందే రాయాలి.

ఆదివారం పొద్దున్న ఆవిడే దించమంది. రాత్రంతా కూర్చుని నడుం పడిపోయింది, ఒక్క పది నిమిషాలంది. దించాను. అప్పుడే ఫ్యాన్ ఆగిపోయింది. రిమోట్ నొక్కాను. యాప్ నొక్కాను. మంచంలో ఏ కదలికా లేదు. చేతులతో ఎత్తబోయాను. అంత బరువు నావల్ల కాలేదు. దిండ్లన్నీ తెచ్చి పెట్టాను. జారిపోతున్నాయి. ఆవిడ నోరు తెరిచి గాలి వెతుక్కుంటోంది. ఇక నేనే మంచమెక్కి ఆవిడ వెనక కూర్చుని, లేపి నా ఒంటికి ఆనించుకున్నాను. తల నా ఎడమ భుజం మీద పెట్టుకుంది. అలా కూర్చునే ఉన్నాం. గుమ్మం కింద నుంచి నీళ్ళు సన్నగా లోపలికి రావడం కనిపిస్తోంది. ముందు చెప్పులు తేలాయి. తర్వాత చాప.

ఎలిజబెత్ గారి అబ్బాయి జాన్‌బాబు మెట్ల మీద నుంచి అరిచాడు. నేను వదిలి లేవలేనని అరిచాను. మోకాళ్ళ పైదాకా నీళ్ళలో దిగొచ్చాడు. అత్తయ్యని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, అతను ముందు, నేను వెనక పట్టుకుని పైకి ఎక్కించాం. వెనక్కి తిరిగి చూస్తే మంచం అడుగున మోటారు పెట్టె అప్పటికే మునిగిపోయింది.

పైన రెండే గదులు. చుట్టుపక్కల కింద ఇళ్ళవాళ్ళంతా అక్కడే. చంటిపిల్లలు, ఒక బాలింత. ఎలిజబెత్ గారు ఉన్న బియ్యమంతా గ్యాస్ మీద గంజి కాచి గ్లాసుల్లో పోసి ఇచ్చారు. చుట్టూ నీళ్ళే కానీ తాగడానికి చుక్క లేదు. గోడకి ఆనిస్తే అత్తయ్య జారిపోతోంది. కాబట్టి గోడకి నేను, నాకు ఆవిడ. అలా ఆదివారం, సోమవారం. ఎలిజబెత్ గారు, కాసేపు నేను కూర్చుంటానమ్మా, నువ్వు నడుం వాల్చు, అన్నారు. ఎలిజబెత్ గారు వెనక కూర్చోగానే అత్తయ్య నా కోసం వెతుక్కునేది. "అమ్మాయేదీ?" అనేది. మళ్ళీ నేనే కూర్చునేదాన్ని.

అంత దగ్గరగా నేను ఎవరినీ మోయలేదు. ఆవిడ ఊపిరి తీస్తే నా ఒళ్ళు కదిలేది. తీయకపోతే నా ఊపిరి కూడా ఆగేది. తలలో కొబ్బరినూనె వాసన, దాని కింద ఇంకా చేపల వాసన. పోయిన నెలలో అయితే ముఖం తిప్పుకునేదాన్నేమో.

సోమవారం మధ్యాహ్నం వాన కాస్త తగ్గింది. ఆవిడ నా భుజం మీదే నిద్రపోయింది. గురక కూడా పెట్టింది. లేచి, అటూ ఇటూ చూసి, నా చెవిలో చెప్పింది. "వచ్చాడే."

ఏమన్నాడు? అన్నాను.

"ఏం మాట్టాడలా. గట్టు మీద కూకుని వల సర్దుకుంటన్నాడు. నేను పిలిచా. నా వంక చూళ్ళా." మళ్ళీ తనే, "పనిలో ఉన్నాడు గదా," అంది. వాళ్ళాయన్ని వెనకేసుకొచ్చింది.

ఏడవలేదు. నాకే ఏడుపొచ్చింది. ముఖం చూశారా అన్నాను. పక్క నుంచి చూసిందట. చెవి దగ్గర పుట్టుమచ్చ కూడా కనిపించిందట.

మంగళవారం పొద్దున్న వీధిలో బోటు ఇంజను చప్పుడు. సముద్రం బోట్లని లారీల మీద తెచ్చారని జాన్‌బాబు చెప్పాడు. అత్తయ్య చెవులు రిక్కించింది. ఎవరో, "ఒరేయ్ ఎడంపక్కకి కొట్రా, తీగలున్నాయి!" అని అరిచారు. అంతే. ఈవిడకి ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ సత్తువ. "వాళ్ళు మావోళ్ళే! నన్ను బయటికి తీసుకుపో!" అంది. బాల్కనీలోకి తీసుకెళ్ళాం. ఆ గంప మోసిన గొంతుతో, "ఎవుర్రా అదీ, ఏ ఊరు?" అని అరిచింది.

కిందనుంచి ఒక ముసలాయన, బందరు దగ్గర్నుంచి పెద్దమ్మా, మీదే ఊరు? అన్నాడు.

"గిలకలదిండి! నాగులు పెళ్ళాన్ని!"

ఆ పేరు ఆవిడ నోట నేను విన్నది అదే మొదటిసారి. చుట్టూ మనుషులున్నారు. ఆవిడకి పట్టలేదు.

ముసలాయన ఇంజను ఆపించాడు. తనే మెట్ల దాకా ఈదినట్టు వచ్చి, తన చేతులతో ఎత్తి బోటులో కూర్చోబెట్టాడు. నేను ముందే ఎక్కి వెనక కూర్చున్నాను. మునిగిన ఆటోల పైనుంచి, షాపుల బోర్డుల పక్క నుంచి పోతున్నాం. సింగ్‌నగర్ మెయిన్ రోడ్డది. రోజూ నేను కూరగాయలు కొనే రోడ్డు. ముసలాయన చుక్కాని పట్టుకుని, ఏ నాగులు అమ్మా, ఈలేసుకుంటా వల లాగేవోడు, ఆ నాగులా? అన్నాడు. వయసులో ఉన్నప్పుడు తను ఒక సీజను ఆ నాగులుతో కలిసి వేటకెళ్ళాడట.

 అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది. "ఈలేసేవాడే. నిజమే. నేను మర్చేపోయా," అంది. ఎలా వేసేవాడో గుర్తు తెచ్చుకోవాలని పెదాలు ముందుకి పెట్టింది. గాలి లేదు. చప్పుడు రాలేదు.

గట్టు మీద అంబులెన్సు ఉంది. ఇక్కడికి తెచ్చారు. ఊపిరితిత్తుల నిండా నీరు ఉందన్నారు.

సెప్టెంబర్ 6, శుక్రవారం

నాగబాబు వచ్చాడు. ఎన్ని చోట్ల రోడ్డు తెగిందో, ఎంత దూరం నడిచాడో. బట్టలన్నీ బురద. తల్లి కాళ్ళ దగ్గర నిలబడి, తాకడానికి భయపడ్డాడు.

బయటికి తీసుకొచ్చి అంతా చెప్పాను. కరెంటు పోయినప్పుడు మంచం దించి ఉందని, దించింది నేనేనని, నెలన్నరగా దించుతున్నానని. ఎందుకో కూడా చెప్పాను. కొడతాడేమో అనుకున్నాను. ఎప్పుడూ కొట్టలేదు, అయినా అనుకున్నాను.

"అమ్మ అడిగిందా?" అన్నాడు.

అడిగింది.

"నన్నెందుకు అడగలేదు?"

నువ్వు దించేవాడివా? అన్నాను.

తల అడ్డంగా ఊపాడు. గోడ వైపు తిరిగి ఏడ్చాడు. మావయ్య ఈల సంగతి చెప్పాను. తనకి అసలు ముఖమే గుర్తు లేదన్నాడు. చెవి దగ్గర పుట్టుమచ్చ ఉండేదట, అన్నాను. ఏ చెవి? అన్నాడు. నాకు తెలియదు. అడగలేదు.

లోపలికి వెళ్ళాడు. ఆవిడ మూతికి ఆక్సిజన్ మాస్క్ ఉంది. అయినా ఏ చెవని అడిగాడు. ఆవిడ కళ్ళు తెరిచి, చెయ్యి ఎత్తి, కొడుకు కుడి చెవి పట్టుకుంది. చిన్నప్పుడు అల్లరి చేస్తే మెలిపెట్టినట్టు.

సెప్టెంబర్ 8, ఆదివారం

తెల్లారాక పోయింది. నాగబాబు ఒక పక్క, నేను ఒక పక్క. ఈసారి నేను వెనక లేను. హాస్పిటల్ మంచం, వాళ్ళ దిండ్లు. అది ఒక్కటే మనసులో తిరుగుతోంది.

సెప్టెంబర్ 10, మంగళవారం. గిలకలదిండి

నిన్న అన్నీ అయిపోయాయి. బోట్లన్నీ ఒడ్డునే ఉన్నాయి. ఎవరూ వేటకెళ్ళలేదట.

ఇక్కడ ఆడవాళ్ళు నన్ను పట్టుకుని ఏడ్చారు. ఒకావిడ, మీ అత్త రత్తమ్మ నిన్ను 'మా అమ్మాయి' అని చెప్పిందే, కోడలని చెప్పలా, అంది. ఎప్పుడు చెప్పింది? అన్నాను. జూలైలో ఫోన్లో మాట్లాడిందట. అప్పటికి నేను ఆవిడ మీద అరిచి ఎన్నో రోజులు కాలేదు.

సెప్టెంబర్ 19, గురువారం

ఇల్లు కడుగుతున్నాం. గోడల మీద మనిషెత్తున నీటి గీత. వీధిలో ప్రతి ఇంటి ముందూ బీరువాలు, పరుపులు, పుస్తకాలు, ఫ్రిజ్‌లు కుప్పలు.

మంచాన్ని నలుగురు కలిసి బయటికి లాగారు. నాగబాబు దాన్ని కుప్ప మీద వేయనివ్వలేదు. అడుగు విప్పి, మోటారులో బురద పాత టూత్‌బ్రష్‌తో గీకుతూ కూర్చున్నాడు. ఎండలో పెట్టాడు. సాయంత్రం జాన్‌బాబు వాళ్ళింట్లోంచి వైరు లాగి ప్లగ్ పెట్టాడు. ఏమీ కాలేదు. మళ్ళీ విప్పాడు. ఎందుకు బాబూ, ఎవరికి? అని ఎలిజబెత్ గారు అడిగారు.  చీకటి పడేవరకూ ఆ బురద పరుపు అంచునే కూర్చున్నాడు. నేనూ వెళ్ళి పక్కన కూర్చున్నాను. లేవమని చెప్పలేదు.

సెప్టెంబర్ 20

మున్సిపాలిటీ ట్రాక్టరు వచ్చింది. మంచం ఎక్కించడానికి నాగబాబే ఒక చెయ్యి వేశాడు.

అక్టోబర్ 3, గురువారం

షాపువాళ్ళు మళ్ళీ రమ్మన్నారు. చేరాను. బిల్లు కొడుతుంటే ఎడమ భుజం లాగేస్తోంది. అత్తయ్య తల పెట్టుకున్న చోటే. డాక్టరుకి చూపించుకోమంటాడు నాగబాబు. లేదంటే తనే మందు పూస్తానంటాడు. వద్దన్నాను. ఎందుకని అడిగాడు. ఊరికే, అన్నాను.

అక్టోబర్ 21, సోమవారం

ఈరోజు భుజం నొప్పి లేదు. బస్సులో వేళ్ళతో నొక్కి నొక్కి వెతికాను. ఎక్కడా లేదు.